రెండూ నావి కావు

అక్కను మేము అప్ప అని పిలుస్తాం. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడు, అప్ప పాతపట్నం నుంచి బస్సులో వచ్చి కొంగుముడి విప్పి నా చేతిలో ఒక వాచీ పెట్టింది. జీడిపప్పు ఒలిచే పనికి వెళ్లి ఆ కూలితో కొన్నది. చిన్న డయలు, బంగారు రంగు, రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. నన్ను చదివించడం కోసం తను ఏడో తరగతితో బడి మానేసిందన్న సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఆ వాచీ పెట్టుకున్నప్పుడల్లా నాకు మాత్రం అదే గుర్తొచ్చేది.

పోయిన చలికాలంలో దాని పట్టీ తెగింది. బడి అయ్యాక విజయనగరంలో వేయించుకుందామని హ్యాండ్‌బ్యాగులో పడేసుకున్నాను. గజపతినగరంలో బస్సెక్కితే సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని నిలబడే కునికాను. దిగి, దుకాణం ముందు బ్యాగులో చెయ్యి పెడితే వేళ్లు అడుగునుంచి బయటికొచ్చాయి. ఎవరో బ్లేడుతో కోసేశారు. పర్సు లేదు, వాచీ లేదు.

స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు రాసిచ్చాను.

"వాచీకి బిల్లున్నాదా మేడమ్?" అన్నాడు కానిస్టేబులు.

"ఇరవై రెండేళ్ల కిందటిదండీ."

"మరి గుర్తులేటి?"

చిన్నది, బంగారు రంగుది అన్నాను. అంతకుమించి ఏమీ తోచలేదు.

ఆ తర్వాత నాలుగుసార్లు తిరిగాను. బడినుంచి వచ్చి ఆ బెంచీ మీద కూర్చోవడం, కాళ్లు లాగేసరికి లేచి ఇంటికి పోవడం. "ఇంక ఒగ్గెయ్యే, ఎన్నిసార్లు తిరుగుతావు?" అన్నాడు మా ఆయన. అప్పకు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఒకరోజు ఫోను వచ్చింది. "దొంగ దొరికినాడు మేడమ్. వాచీలున్నాయి, వచ్చి సూసుకోండి."

బల్ల మీద పేపరు పరిచి వాచీలు పేర్చారు. వాటిలో ఆడవాళ్లవి రెండు, రెంటికీ పట్టీలు లేవు, రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను, పెట్టేసి రెండోది తీసుకున్నాను. ఇన్నేళ్లు నా చేతికి ఉన్న వస్తువు ఏదో నేనే పోల్చుకోలేకపోయాను. సిగ్గేసింది.

"ఏదో ఒకటి తీసీసుకోండి మేడమ్, సంతకం పెట్టీండి."

కాసేపాగమని చెప్పి, మార్కెట్టు వెనకున్న వాచీలు బాగుచేసే ముసలాయన దగ్గరికి వెళ్లాను. నా వాచీ ఎప్పుడు ఆగినా ఆయనే విప్పేవాడు. విప్పిన ప్రతిసారీ మూత లోపల సూదితో తన గుర్తుగా ఒక గీత గీసేవాడు. బతిమాలితే దుకాణం మూసి, కంటికి పెట్టుకునే భూతద్దం జేబులో వేసుకుని నాతో వచ్చాడు. రెండింటి మూతలూ విప్పి వెలుగులో చాలాసేపు చూశాడు.

"ఇది మీది కాదమ్మా. అదీ కాదు. నా సెయ్యి పడితే గీత ఉంటాది."

కానిస్టేబులు విసుక్కున్నాడు. "కాగితం కూడా రాసీసినాం మేడమ్. వీటికోసం ఇంకెవులూ రారు. పట్టుకుపోండి."

తీసుకుంటే ఎవరికీ తెలియదు. అప్పకు అసలే తెలియదు. అయినా చెయ్యి రాలేదు. ఎందుకో వివరించే ఓపిక లేక, "నావి కావండీ" అని మాత్రం అని బయటికొచ్చేశాను.

మెట్లు దిగుతుంటే ముసలాయన, "నా దగ్గర ఇలాటిదే ఒకటున్నాదమ్మా. బాగుకిచ్చినవాళ్లు మళ్లీ రాలేదు. ఇమ్మంటారా?" అన్నాడు. వద్దన్నాను.

ఆదివారం అప్పకు ఫోను చేశాను. "నువ్విచ్చిన వాచీ పోయింది అప్పా."

"ఏ వాచీ?"

చెప్పాను.

"అదా! ఇన్నాళ్లూ అదే పెట్టుకున్నావేటే? పాడైపోయుంటాది, ఎప్పుడో పారీసుంటావనుకున్నాను."

తర్వాత తన మోకాళ్ల నొప్పి గురించి, ఈసారి సరిగా కాయని మునగచెట్టు గురించి చెప్పింది. నేను ఊఁ కొడుతూ విన్నాను. ఫోను పెట్టేశాక ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. అలసట కమ్మేసి, మంచం మీద ఒరిగి సాయంత్రందాకా నిద్రపోయాను.

మార్చిలో పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. హాల్లోకి ఫోను తేకూడదు కనక, ముందురోజు బ్యాటరీ వాచీ ఒకటి కొనుక్కున్నాను. దుకాణంలో మొదట చూపించినదే తీసుకున్నాను. పరీక్ష చివర్లో వెనక బెంచీలోని అమ్మాయి తలెత్తి, "ఇంకెంత టైమున్నాది టీచర్?" అని అడిగింది.

"పావుగంట. కంగారు పడకు, రాయి" అన్నాను.