లాహిరీ గారు వేసిన కుర్చీ

శుక్రవారం పొద్దున్నే దీపపు కుందులు చింతపండుతో తోముతాను. తోమడం అయ్యాక చేతులు ఎంత కడిగినా వేళ్ళకు ఇత్తడి వాసన కాసేపు పట్టుకునే ఉంటుంది. పులుపూ లోహమూ కలిసిన ఆ వాసన తగిలితే నాకు దేవుడికంటే ముందు ఖిదిర్‌పూర్ రేవు గుర్తుకొస్తుంది. అందుకు ఆ దేవుడే నన్ను మన్నించాలి. మా నాన్న చేతులకు, చిన్నాన్న చేతులకు రోజూ ఇదే వాసన ఉండేది. రేవులో పనికి వెళ్ళే ప్రతి మనిషి మొలతాడుకూ ఒక ఇత్తడి బిళ్ళ, దాని మీద ఒక అంకె. పొద్దున గేటు దగ్గర బిళ్ళ చూపిస్తే లోపలికి, సాయంత్రం బిళ్ళ చూపిస్తే బయటికి. పేరన్నది ఎక్కడో ఆఫీసు పుస్తకంలో ఉండేది. దాన్ని ఎవరూ అడిగేవారు కాదు. మొదటిసారి అడిగిన మనిషి లాహిరీ గారు. ఆయన అడగకుండా ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు ఏడ్చాను. అడిగినందుకు ఇవాళ్టికీ ఆయనకు దండం పెట్టుకుంటాను.

మా వాళ్ళది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. నేను పుట్టి పెరిగింది మాత్రం బెంగాలీ వాళ్ళ నగరంలో, ఖిదిర్‌పూర్ రేవు పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో, రేవు కార్మికులకిచ్చిన ఒంటి గదిలో. అమ్మకు ఉబ్బసం. తమ్ముళ్ళను చూసుకోవడానికి నేను ఇంట్లోనే ఉండిపోయాను. నాన్న పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దేవుడి పటం ముందు కూర్చోబెట్టి పలక మీద తెలుగు నేర్పాడు. బెంగాలీ వీధే నేర్పింది. ఇంగ్లీషూ లెక్కలూ భవానీపూర్‌లో ఒక ముసలి టీచరమ్మ ఇంట్లో అంట్లు తోమి నేర్చుకున్నాను. ఆ తల్లి నన్ను ప్రైవేటుగా మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టింది. నాన్న రేవులో పని మీదుండగానే పోయాడు. ఆయన చోటులో నాకు సిబ్బంది వ్యవహారాలు చూసే విభాగంలో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. ఎర్ర జెండాల ప్రభుత్వం వచ్చి అప్పటికి పదేళ్ళు దాటింది. ఆఫీసు గోడల నిండా ఎర్ర రంగు రాతలే. ఆ గోడల మధ్య నేను ఎవరికీ కనబడకుండా ఫైళ్ళకు దారాలు కట్టుకుంటూ ఉండేదాన్ని.

లాహిరీ గారు ఆ విభాగానికంతటికీ పెద్దగా వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పెన్ను కారి చొక్కా జేబు మీద ఎప్పుడూ ఒక నీలం మరక. వచ్చిన మొదటి వారంలో, రేవు మొత్తం సిబ్బంది జాబితా టైపు కొట్టించి బల్ల మీద పెట్టారు పెద్ద గుమాస్తాలు. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ కాగితాలన్నీ తిరగేసి, "వీళ్ళలో మోకాళ్ళ నొప్పులు ఎవరికి?" అని అడిగారు. "చదువొచ్చినవాళ్ళు ఎవరు? పెద్ద యంత్రం ఎక్కితే కళ్ళు తిరిగేవాళ్ళు?" ఎవరికీ తెలియదు. "అయితే నా ముందు పెట్టింది వట్టి అంకెల వరుస. మనుషుల్ని తీసుకురండి" అన్నారు.

మనుషులు వచ్చారు. మా ఆఫీసులో కార్మికుడన్నవాడు బల్లకు ఇవతల నిలబడి మాట్లాడేవాడు. లాహిరీ గారు తన బల్ల పక్కన ఒక చేతుల కుర్చీ వేయించి, వచ్చినవాడు కూర్చునేదాకా నోరు విప్పేవారు కాదు. మా వాళ్ళు ఆ కుర్చీ అంచున, పారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చునేవారు. వాళ్ళకు బెంగాలీ వచ్చినా, భయం వేస్తే తెలుగులోకి వెళ్ళిపోయేవారు. అలా నాకు పిలుపొచ్చింది.

"ఏ స్కూల్లో చదువుకున్నావు, మా?" అని అడిగారాయన. కూతురి వయసు వాళ్ళను బెంగాలీ పెద్దలు 'మా' అనే పిలుస్తారు.

"స్కూలంటే తెలియదండీ. ఇంట్లోనే, నాన్న చెప్పారు."

వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "మంచిది. తెలియనిది తెలియదని చెప్పగలవన్నమాట" అని, కార్మికులకు వెళ్ళాల్సిన ఒక నోటీసు చేతికిచ్చి తెలుగులో రాయమన్నారు. రాసిచ్చాను. "చదివి వినిపించు" అన్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా విన్నారు. "మీ ఇంట్లో రేవులో పనిచేసేవాళ్ళు ఎవరు?" "చిన్నాన్న అండీ." "ఇది ఆయనకు చదివి వినిపించు. మధ్యలో ఏమిటని ఎన్నిసార్లు అడిగాడో వచ్చి చెప్పు."

చిన్నాన్న ఏడుసార్లు అడిగాడు. మూడుసార్లు తిరగరాశాక అడగడం మానేశాడు. ఆ నోటీసు గోడకెక్కిన రోజు లాహిరీ గారు అన్న మాట ఇది: "ఎవరి చేతికిస్తున్నామో వాళ్ళకు అర్థం కాని కాగితం మీద నేను సంతకం పెట్టను." ఆ మాట ఒకరోజు మా గుమ్మంలోకే వస్తుందని నాకప్పుడు తెలియదు.

ఆయన మనసులో ఒక పెద్ద ప్రణాళిక ఉండేది. ఆకుపచ్చ అట్ట ఫైలు, ఎక్కడికి వెళ్ళినా చంకలోనే. ఓడల్లో సరుకు ఇకముందు పెద్ద పెద్ద ఇనప పెట్టెల్లో వస్తుందని, బస్తాలు మోసే వీపులతో రేవుకు పని ఉండదని ఆయనకు తెలుసు. ఎవరినీ వీధిలో పడేయకుండా పదేళ్ళలో ఆ మార్పు దాటాలని ఆయన పట్టుదల. వయసున్నవాళ్ళకు క్రేన్ల పని నేర్పించాలి, మోకాళ్ళు పోయినవాళ్ళను గోదాముల కాపలాకు మార్చాలి. అందుకు ముందు ఎవరెవరో, ఎవరి వయసు ఎంతో నిజంగా తెలియాలి. అక్కడే వచ్చింది చిక్కు.

మా వాళ్ళలో ఒక అలవాటు ఉండేది. ఒకడు జబ్బు పడి ఊరికి వెళ్తే వాడి బిళ్ళ తమ్ముడు కట్టుకుని వచ్చేవాడు. అన్న తిరిగి రాకపోతే తమ్ముడు అదే బిళ్ళతో, అదే పేరుతో ఉండిపోయేవాడు. మేస్త్రీలకు తెలుసు, యూనియన్‌కు తెలుసు, బస్తీలో పసిపిల్లలకు కూడా తెలుసు. బరువు మోసే వీపు ఉంటే చాలు, అది ఎవరిదో ఎవరికి కావాలి? మా పెదనాన్న రాములు ఊళ్ళో జ్వరంతో పోయాడు. చిన్నాన్న అప్పలస్వామి ఆ బిళ్ళ కట్టుకుని ఇరవయ్యేళ్ళకు పైగా రాములుగా పనిచేశాడు. పుస్తకంలో అన్న వయసే ఉంది. దాని ప్రకారం ఇంకో రెండేళ్ళలో ఇంటికి పంపేస్తారు, క్రేను పని నేర్పరు. నిజం వయసు పడితే పదకొండేళ్ళ పని మిగిలి ఉంది, తలమీద కప్పు మిగిలి ఉంది.

లాహిరీ గారు నోటీసు పెట్టించారు. అసలు పేరు, అసలు వయసు రాసి సంతకం పెట్టినవాళ్ళను ఏమీ అనరు, పుస్తకం సరిదిద్దుతారు. నేనే తెలుగులో రాశాను. మేడ మీది పై అధికారులు కూడా దానికి ఒప్పుకున్నారు, నోటితో. ఒక్కరూ రాలేదు. మెట్ల దగ్గర యూనియన్ నాయకుడు పోల్టూ దా నన్ను ఆపాడు. అక్కడ అన్నను 'దా' అనీ, అక్కను 'దీ' అనీ పిలుస్తారు. "ఏం సావిత్రీ దీ, దొరగారి కోసం చేపలు పడుతున్నావట! ఎరగా ఎవరిని గుచ్చుతున్నావు, మీ చిన్నాన్ననా?" చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

ఆ సాయంత్రం చిన్నాన్న దగ్గర కూర్చున్నాను.

"నీకు పిచ్చేటే గుంటా? ఇన్నేళ్ళు దాసిన మాట, ఆ బాబు అడిగినాడని సెప్పేత్తానేటి?"

"ఆయన మాట ఇచ్చారు చిన్నాన్నా. ఎవరినీ ఏమీ అనరు."

"మాటిచ్చినోడు రేపు ఆ కుర్సీలో ఉంటాడేటి? ఉన్నా, ఆడి పైనోడు ఊరుకుంటాడేటి?"

లేచి వెళ్ళి దేవుడి పటం మీద చెయ్యి పెట్టాను. "ఒట్టు. నీకేమీ కాదు."

చిన్నాన్న ఆ పటాన్నీ నన్నూ చాలాసేపు చూశాడు. "నువ్వు సెప్పినావు గావట్టి ఏలుముద్ర ఏత్తాను. ఆ బాబు మాట నాకొద్దు" అన్నాడు. మర్నాడు వేలిముద్ర వేశాడు. చిన్నాన్న వేశాడని తెలిసి మరో ముప్పై ఆరుగురు వేశారు.

ఏడాది తిరగకుండా పైనుంచి తనిఖీ వచ్చింది. ఒకరి పేరుతో మరొకరు పనిచేయడం మోసమట, ఒప్పుకున్నవాళ్ళను వెంటనే తీసేయాలట. నోటితో ఒప్పుకున్న పెద్దలెవరికీ ఆ సంగతి గుర్తులేదు. లాహిరీ గారు రెండుసార్లు ఢిల్లీ వెళ్ళొచ్చారు. రెండోసారి తిరిగొచ్చినప్పుడు ఆయన చంకలో ఆకుపచ్చ ఫైలు లేదు. పోల్టూ దా దగ్గరికి నేను వెళ్ళాను. ఈసారి అతను నవ్వలేదు. "సొంత చేత్తో వేలిముద్ర వేశారు కదా దీదీ. నేనేం చెయ్యను?" అన్నాడు. నిజం దాచిన వందలమంది మర్నాడు కూడా బిళ్ళ చూపించి గేటు దాటారు. నమ్మిన ముప్పై ఏడుగురే దొరికారు. వాళ్ళకు నిజం చెప్పమని చెప్పింది నేను.

"ఆ తీసివేత కాగితాల మీద మీరు సంతకం పెట్టకండి సర్" అని బతిమాలాను.

"పెట్టకపోతే ఇంకొకరు పెడతారు మా. గేటు దగ్గర నిలబెట్టి ప్యూను చేత పంచిస్తారు." నా వైపు చూడకుండానే, "కాగితం వెనక తెలుగులో కూడా రాయి. వాళ్ళకు అర్థం కావాలి" అన్నారు.

అది ధర్మమో, పిరికితనానికి తొడిగిన చొక్కానో నాకు ఇప్పటికీ తెలియదు. రాశాను. ముప్పై ఏడూ నేనే రాశాను. వాటిలో పదకొండోది చిన్నాన్నది.

ఒక్కొక్కరినీ పిలిచారు. ఒక్కొక్కరికీ ఆ కుర్చీ. చిన్నాన్న లోపలికి వచ్చి, ఈసారి అంచున కాకుండా వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. "సదువమ్మా" అన్నాడు. చదివాను.

"పేరు కాడ మల్లీ సదువు."

"అప్పలస్వామి గారికి..."

"గారు కూడా రాసినావేటి?" చిన్నాన్న నవ్వాడు. "ఈ ఊరొచ్చింతర్వాత నా పేరు తోటి వచ్చిన కాయితం ఇదొక్కటేనే."

ఏమన్నాడని లాహిరీ గారు అడిగారు. చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు. చిన్నాన్న మొలతాడు నుంచి బిళ్ళ విప్పి బల్ల మీద పెట్టాడు. "ఇది మా అన్నది బాబూ. ఆడి పని అయిపోనాది." ఆ మాట నేను బెంగాలీలోకి మార్చలేకపోయాను. ఆయనా అడగలేదు.

రేవు వాళ్ళిచ్చిన గది చిన్నాన్న వాళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది. చిన్నాన్న ఖిదిర్‌పూర్ బజారులో తోపుడుబండి తోశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పండక్కి వెళ్తే ఎప్పటిలాగే "గుంటొచ్చినాది" అని టీ పెట్టించేవాడు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. మూడేళ్ళకు ఒక వానాకాలం, ఊపిరితిత్తులకు నెమ్ము చేసి పోయాడు.

శ్మశానం కిటికీ దగ్గర గుమాస్తా కాగితాలు చూసి పెన్ను ఆపాడు. "రేషన్ కార్డులో రాములు అని ఉంది, మీరేమో ఇంకో పేరు చెబుతున్నారు. ఏ పేరు రాయను దీదీ?" మా దగ్గర ఉన్న చిన్నాన్న కాగితాలన్నీ రాములు పేరు మీదివే. వాటి ప్రకారం పెదనాన్న రెండోసారి చనిపోవాలి, చిన్నాన్న అసలు పుట్టనే కూడదు. అప్పుడు పిన్ని కొంగు ముడి విప్పింది. నాలుగు మడతల్లో, చెమటకు మెత్తబడి, ఆ ఉత్తరం.

గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఉద్యోగం తీసేసిన కాగితం కదా!"

"సంతకం నాదే" అని వెనకనుంచి ఒక గొంతు. లాహిరీ గారు. అప్పటికి ఉద్యోగం విరమించారు. కబురు ఎవరు చెప్పారో, తడిసిన గొడుగుతో బస్సు దిగి వచ్చారు. చొక్కా జేబు మీద నీలం మరక లేదు. "ఈ మనిషి పేరు అప్పలస్వామి. నేను సాక్షిని. అదే రాయండి" అన్నారు. గుమాస్తా రాశాడు.

బయట వానలో ఆయన నన్ను అడిగారు. "నేను అడగకుండా ఉండాల్సిందా, మా?"

నేను చెప్పలేకపోయాను. తెలియనిది తెలియదని చెప్పగలనని ఒకప్పుడు నన్ను మెచ్చుకున్న మనిషి ఆయన. ఆ మాత్రం కూడా ఆ రోజు నా నోట రాలేదు. మళ్ళీ ఆయన్ని చూడలేదు. పోయారన్న కబురు కూడా ఆలస్యంగా తెలిసింది.

నేను ఉద్యోగం విరమించేదాకా నా బల్ల పక్కన ఒక కుర్చీ ఉండేది. వచ్చినవాళ్ళు కూర్చున్నాకే నోరు విప్పేదాన్ని. వాళ్ళకు అర్థమయ్యేలా రాసిచ్చేదాన్ని. అది లాహిరీ గారు పెట్టిన భిక్ష, కాదనను. కానీ ఎవరి మంచికైనా సరే, నిజం చెప్పమని ఆ తర్వాత ఎవరినీ అడగలేకపోయాను. పటం మీద చెయ్యి పెట్టడం కూడా అప్పుడే పోయింది. దూరం నుంచే దండం పెడతాను. తోమిన కుందులు తుడిచి, వత్తి వేసి, వెలిగించాక ముప్పై ఏడు పేర్లు చెప్పుకుంటాను, బిళ్ళల పేర్లు కాదు, వాళ్ళ పేర్లు. పదకొండో పేరు దగ్గర ఒక్కసారి ఆగి, 'గారు' చేర్చి, మళ్ళీ చదువుతాను.