ఇసుక మేట, చెక్క పలక

నా చిన్నప్పుడు మేముండే రుస్తాఖ్‌లో, మస్కట్‌కి దూరంగా కొండల పక్క ఊరది, వానంటే సంబరమూ భయమూ రెండూ ఉండేవి. ఏడాదంతా ఎండిపోయి ఉండే వాగు, అక్కడివాళ్ల మాటలో వాది, కొండల్లో గట్టి వాన పడితే చాలు, ఏరై పారేది. నీళ్లు తీశాక రోడ్ల మీద ఇసుకా గులకరాళ్లూ మోకాలెత్తున మేట వేసేవి. అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. నాన్న ట్రాక్టర్ పరికరాలు అమ్మే దుకాణంలో సేల్స్‌మన్.

ఒకసారి వాది వచ్చి వెళ్లిన మర్నాడు, ఖర్జూర తోటల పల్లె నుంచి ఒక పెద్దాయన నడుచుకుంటూ ఆ దుకాణానికి వచ్చాడు. పల్లెకున్న ఒక్క రోడ్డూ పూడుకుపోయిందట. ఆయన కోడలికి నెలలు నిండాయి. ప్రభుత్వ యంత్రాలన్నీ పెద్ద రోడ్ల మీదే ఉన్నాయి. ఊళ్లో పాత ట్రాక్టర్ ఉంది గానీ, దానికి బిగించి మట్టి తీసేందుకు ఏమీ లేదు. ముందు వరసలో మెరుస్తున్న, ట్రాక్టర్ ముందు బిగించి మట్టి ఎత్తిపోసే లోడర్ బకెట్ చూపించి అదే కావాలన్నాడు. పక్క ఊరివాళ్లు అలాంటిదే కొన్నారట. దుకాణం యజమాని, అందరూ ముదీర్ అని పిలిచేవారు, సంతోషంగా తలూపాడు.

బడికి సెలవు కాబట్టి నేనూ తమ్ముడూ అక్కడే ఉన్నాం. నాన్న బకెట్ ఊసే ఎత్తకుండా, రోడ్డు పక్కన ఏముందని అడిగాడు. పల్లమే, వాదిలోకి దిగుతుందన్నాడు పెద్దాయన. నాన్న మమ్మల్ని దుకాణం ముందు ఇసుక పేరుకున్న చోటికి తీసుకెళ్లి, తమ్ముడి చేతికి బేసినూ నా చేతికి పొడుగాటి చెక్క పలకా ఇచ్చాడు.

"నువ్వు ఎత్తి ఆ చివర పోసి రారా. నువ్వు పలకని ఏటవాలుగా పట్టుకుని లాగమ్మా, అంతే."

తమ్ముడు పాపం, నింపుకుని పరుగెత్తడం, గుమ్మరించి రావడం. నా పలక వెంట ఇసుక దానంతటదే పక్కకి జారిపోయింది. వాడింకా సగంలో ఉండగానే నా వైపు నేల కనిపించింది. పెద్దాయన గడ్డం నిమురుకుంటూ చూశాడు.

అప్పుడు నాన్న ఉర్దూ, అరబ్బీ కలిపి నెమ్మదిగా చెప్పాడు. మట్టిని దూరం మోయాలంటే బకెట్ కావాలి. పక్కకి తోసేస్తే సరిపోయే చోట వెనక బిగించే బ్లేడు చాలు. ధరా తక్కువే. పాత ట్రాక్టర్‌కి వెనక పరికరాలు ఎత్తే లిఫ్టే దానికి సరిపోతుంది. బకెట్‌కైతే ఫిటింగులు మస్కట్ నుంచి రావాలి, అందాకా ఆగాలి. ముదీర్ ముఖం మాడిపోయింది. పెద్దాయన అది గమనించి, ఆయనకి కోపం వస్తే నీకేం భయం లేదా అని అడిగాడు.

"ఈయన కోపం నాలుగు రోజుల్లో పోతుంది బాబా. దారి తెరుచుకోకపోతే మీకు నా ముఖం ఎలా చూపించను?"

మేట మొదలయ్యే చోటి దాకా పికప్‌లో బ్లేడు వెళ్లింది, వెంట నాన్నా వెళ్లాడు. అక్కణ్ణుంచి ఊరివాళ్లు దాన్ని అవతలికి మోసుకెళ్లి ట్రాక్టర్‌కి బిగించారట. పెద్ద రాళ్లున్న చోట ఊరివాళ్లు పారలు పట్టారట. సాయంత్రానికి కోడలిని ఆసుపత్రికి తెచ్చారు. డ్యూటీలో ఉన్న అమ్మే ఆమెను లోపలికి తీసుకెళ్లింది. మర్నాడు ఇంటికొచ్చి, ఆడపిల్ల, తల్లీబిడ్డా బాగున్నారని చెప్పింది. ముదీర్ కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. నాన్న రోజూ ఎప్పటిలాగే పనికి వెళ్లొచ్చాడు.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడ్డాయి. కాకినాడలో రోగులకు కావలసిన సామాన్లు అమ్మే దుకాణం నడుపుతున్నాను. ముసలి తల్లి కోసం అన్నిటికంటే ఖరీదైన చక్రాల కుర్చీ చూపించమంటూ కొడుకులు వస్తారు. మీ ఇంట్లో గుమ్మాల వెడల్పెంత అని ముందు అడుగుతాను. కొందరు విసుక్కుని వెళ్లిపోతారు. వెళ్లనిస్తాను. కొలుచుకుని మళ్లీ వస్తారు.