రాజు దుంకిన రోజు

తడిసిన గొంగడి వాసన తగిలితే చాలు, ఈ వయసులో కూడా నేను మళ్ళీ పిల్లవాణ్ణైపోతాను. నిన్నటి వానకు అరుగు మీది గొంగడి ఒక అంచున నానింది. పొద్దున్నే చదరంగం నేర్చుకోవడానికి వచ్చిన వాడకట్టు పిల్లలు ముక్కులు మూసుకుని దూరం జరిగారు. నేను మాత్రం గొర్రెబొచ్చు, పొగ, వాన కలిసిన ఆ వాసన పీలుస్తూ ప్లాస్టిక్ బంట్లను వరుసగా నిలబెట్టాను. ఆ వాసనలో మా బాపు ఉన్నాడు, పట్వారీ చావడి ఉంది, ముసలితనం దాకా నేను మోసుకొచ్చిన ఒక పాడు పేరు ఉంది.

కేతేపల్లి పక్కన మా ఊళ్ళో వానలు వెనకబట్టి, ఆడవాళ్ళు బతుకమ్మ కోసం తంగేడు పూలు తెంపుకొస్తూ, సీతాఫలాలు కండ్లు విచ్చి, ఇంటింటా మలీద ముద్దల బెల్లం వాసన గుప్పుమనే రోజుల్లో, గొర్ల దొడ్డి పక్కనున్న బండ మీద బాపు బొగ్గుతో గళ్ళు గీసేవాడు. సీతాఫలం కట్టెతో బొమ్మలు ఆయనే చెక్కాడు. సగం బొమ్మలకు కందిలి మసి పూశాడు, సగం బొమ్మలకు పసుపు రుద్దాడు. మంత్రికి తలపాగా పెట్టాడు గానీ గుర్రం మాత్రం ఎన్నిసార్లు చెక్కినా గొర్రె లాగే వచ్చేది. ఇప్పటి పిల్లలు చెక్ అంటారే, మేము దాన్ని షా అనేవాళ్ళం. మా ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క అడుగే వేసేది. రాజుకు మాత్రం ఒక వరం ఉండేది. తన మీద షా పడకముందు, ఆట మొత్తంలో ఒక్కసారి, గుర్రం లాగ దుంకవచ్చు. "ఎంత రాజైనా ఆపదొస్తే దుంకాల్నే బిడ్డా" అని బాపు నవ్వేవాడు.

ఆ దసరాకు పట్వారీ కొడుకు రంగారావు హైదరాబాదు చదువు నుంచి నున్నటి పెట్టెలో మెరిసే బొమ్మలు తెచ్చాడు. చావడిలో పెద్దమనుషుల ముందు తన ఆట చూపించుకోవడానికి ఎవడో ఒకడు కావాలి గనక నన్ను పిలిపించాడు. మొదటి ఎత్తులోనే అతని బంటు రెండడుగులు వేసింది. నేను నోరెళ్ళబెట్టాను; దొర కొడుకు బంటు కదా, రెండడుగులు వేస్తుందేమో అనుకున్నాను. తర్వాత మూలగా నడిచే ఒంటె వచ్చింది, దాని వెనకే మంత్రి ఉరికొచ్చింది. రెండూ నా రాజు పక్కనున్న బంటు మీదే గురిపెట్టాయి. దాన్ని కొడితే ఆట కట్టు. నాకింకా షా పడలేదు. బాపు నేర్పినట్టే రాజును దుంకించాను.

"గిదేం ఆటరా? రాజు గుర్రమా దుంకనీకి?" రంగారావు బల్ల మీద చరిచాడు. "దొంగాట! దొంగాట మల్లిగాడు!"

చావడి అంతా నవ్వింది. నేను బాపు వైపు చూశాను. వానలో తడిసిన గొంగడి కప్పుకుని, మెట్టు ఎక్కే హక్కు లేక, కిందనే నిలబడి ఉన్నాడు. 'నేనే నేర్పిన దొరా' అని ఒక్క మాట అంటాడని చూశాను.

"తప్పైంది దొరా. పోరడు, తెల్వకాడిండు" అని చేతులు కట్టుకున్నాడు.

ఇంటికొచ్చి ఆ బొమ్మలన్నీ పొయ్యిలో పెట్టాడు. ఆ మంట మీద అవ్వ జొన్న గటక వండింది. నేను ముట్టలేదు. పేరు మాత్రం ఊరంతా పాకింది. ఇద్దరు మల్లయ్యలున్న ఊళ్ళో నన్ను గుర్తు పట్టడానికి పెండ్లి పత్రిక పంచేటప్పుడు కూడా అదే పేరు వాడారు.

బడి మొహం చూడనివాణ్ణి. కిరాణం పొట్లాల కాగితాల మీద అక్షరాలు, ఆ అక్షరాలతోనే పాత పేపర్లలో అచ్చైన చదరంగం ఎత్తులు కూడబలుక్కున్నాను. రాష్ట్రం వచ్చిన ఏడు గొర్లు అమ్మేసి, ఈ అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టాను. నేను చెప్పేది ఆట మొదలు గురించే. నడిమి బంటును ముందు తోలు, మందకు దారి తెరిచినట్టు. గుర్రాలను బయటికి తియ్యి, ఆ తర్వాత ఒంటెలను. ఒకే బొమ్మను పదే పదే కదిలించకు, మిగతా మంద దొడ్లోనే పడుకుంటుంది. మంత్రిని తొందరపడి పంపకు, ఒంటరిగా తిరిగే పొట్టేలును ఊరకుక్కలన్నీ తరుముతాయి. రాజును ఏనుగు చాటున మూలకు దాచు. మా వాడలో ఏ పిల్లా నాలుగెత్తుల్లో ఓడిపోవద్దు, ఎవడి ముందూ నవ్వులపాలు కావద్దు. నా పగ అంతా ఈ పాఠాల్లోనే పెట్టాను.

ఈ పొద్దున ఆ పాఠమే చెబుతుంటే వాకిట్లో ఆటో ఆగింది. పాసుబుక్కు పని మీద నల్గొండ నుంచి వచ్చిన రంగారావు, చేతికర్ర ఆనించుకుని అరుగెక్కాడు.

"ఏం మల్లిగా, ఇంకా దొంగాటనేనా?"

పిల్లలు నా మొహం చూశారు. ఈ అరుగు మీద పాఠాలు మొదలయ్యాక ఊరు మానేసిన ఆ పేరు వాళ్ళెన్నడూ వినలేదు.

"కూసో, ఆడి చూద్దం" అన్నాను.

ఎన్ని ఏండ్లు గడిచినా అదే బంటు, అదే ఒంటె, అదే మంత్రి. "తాతా, మంత్రి అప్పుడే ఎల్లింది!" అని చిన్నది వైష్ణవి కిసుక్కున నవ్వింది. ఆ మంత్రిని ఒకసారి బంటుతో, ఒకసారి గుర్రంతో గళ్ళన్నీ తిప్పి తరిమాను. అది పారిపోతున్నంత సేపూ నా మంద అంతా బయటికి వచ్చింది. అతని రాజు నడిమధ్యలో దిక్కులేక నిలబడ్డాడు.

"రంగారావూ" అన్నాను. జన్మలో మొదటిసారి అతన్ని పేరుతో పిలిచాను. "నీ రాజుకింక షా పడలే. మా బాపు ఆటల ఒక దుంకు ఉంటది. గుర్తుందా?"

అతను గళ్ళ మీదికి వంగాడు. రాజును ఎత్తి, గుర్రం లాగ దుంకించాడు.

"దొంగాట! దొంగాట!" పిల్లలంతా ఒక్కసారే లేచారు.

"చెప్పు మల్లయ్యా, వీళ్ళకు జర చెప్పు. మన ఊర్ల గట్ల ఉండె గదా?" రంగారావు నా వైపు తిరిగాడు.

నేను నోరు విప్పలేదు. అతను కర్ర తడుముకుంటూ, రాజును పడదోసుకుని, దిగి వెళ్ళి ఆటో ఎక్కాడు. పిల్లలు వాకిలి దాకా ఆ పేరుతోనే సాగనంపారు.

ఆ చావడి ఇప్పుడు లేదు, బండను కంకరకు కొట్టారు, షా అనే మాట ఎవరి నోటా రాదు. ఆ దుంకు తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం.

వైష్ణవి పడిపోయిన రాజును తీసి నా చేతిలో పెట్టింది. "నిజంగ రాజు దుంకుతడా తాతా?"

తడి గొంగడి వాసన ఇంకా గుప్పుమంటూనే ఉంది.

"దుంకడు బిడ్డా" అన్నాను.