గొంగడి కింద గణరాజ్యం

ఐలేశం తాతకు ఉన్నది ఒకటే పిచ్చి. సభ పెట్టి ఓట్లు వేయించనిదే ఇంట్లో ఈగ కూడా వాలకూడదు. మర్రిగూడ చుట్టుపక్కల గొర్లు కాసేవాళ్లలో ఇంత రాజకీయం ఉన్న మనిషి ఇంకొకరు లేరు. సర్పంచి ఐదేళ్లకోసారి ఓట్లు అడుగుతాడు, తాత పొయ్యి వెలిగించే ప్రతిసారీ అడుగుతాడు.

ఈ పిచ్చి అంటించింది మనవరాలు శైలజే. ఆరో తరగతి సాంఘిక శాస్త్రంలో తొలి రాజ్యాలు, గణరాజ్యాల పాఠం బుర్రకెక్కక వారమంతా గట్టిగా చదివింది. ఆమెకు రాలేదు, తాతకు వచ్చేసింది. మగధలో రాజు ఒక్కడే చెబుతాడనీ, వజ్జిలో నలుగురూ కూర్చుని తేల్చుకుంటారనీ విని, తాత తలపాగా సర్దుకున్నాడు.

"మనది వజ్జి. ఇగ ఈ ఇంట్ల అందరు రాజులే."

"గిన్నెలెవరు తోముతరు మరి?" అంది గుర్వమ్మ అవ్వ. ఆ రోజు నుంచి అవ్వకు మగధ అని పేరు పడింది.

ఒక వాక్యం దగ్గర శైలజ ఆగింది. "తాతా, గా సభలకు ఆడోళ్లను రానియ్యకపోయేటోళ్లట."

తాత ఒకసారి తలుపు వైపు చూశాడు. తలుపు వెనక కోడలు నర్సింగమ్మ బియ్యం ఏరుతోంది. "గా లైను ఎలుక కొరికిందనుకో. ముంగటికి పో."

జనపదం అంటే జనం కాలు మోపిన చోటు అని ఉంది పుస్తకంలో. మందలోని పొట్టేలు అప్పటికే ఊరందరినీ పొడిచి అజాతశత్రువు అనిపించుకుంది. అది మందనంతా వెంటేసుకుని ఎల్లస్వామి పత్తి చేలో కాలు మోపింది.

"ఏందే ఐలన్నా గిది?" అని ఎల్లస్వామి కర్ర పట్టుకుని వచ్చాడు.

"జనపదం పెరుగుతాంది తమ్మీ."

"నా పత్తిల పెరుగుడేందే?"

దాని మీద కూడా సభ పెడతానన్నాడు తాత. ఎల్లస్వామి మాత్రం ఓటు వద్దు, నష్టానికి కోడి కావాలన్నాడు.

సభకు పద్ధతి ఉండేది. మధ్యలో కుండ, దాని మీద గొంగడి. తలుపు వెనక కోడలితో సహా ఐదుగురికీ రెండేసి తంగేడు పుల్లలు. బెరడు ఒలిచిన పుల్ల వేస్తే సరే అన్నట్టు, బెరడున్న పుల్ల వేస్తే వద్దన్నట్టు. గొంగడి కింద చెయ్యి పెట్టి ఒకటి కుండలో వేయాలి. ఎవరు ఏది వేశారో దేవుడికే తెలియాలి.

విచిత్రం ఏమిటంటే, ఇంత రాజ్యం కట్టినవాడు ఎప్పుడూ ఓడిపోయేవాడు. తాత ఏది అంటే దానికి అడ్డం చెప్పడం కొడుకు బీరన్నకు పుట్టుకతో వచ్చిన అలవాటు. తాత "పప్పు" అంటే బీరన్న "పచ్చిపులుసు" అనేవాడు, పచ్చిపులుసే గెలిచేది. బతుకమ్మకు కోడలు కల్వకుర్తిలోని తల్లిగారింటికి పోరాదని తాత గంటసేపు ఉపన్యసించాడు. కోడలు తెల్లారే బస్సెక్కింది.

"నీ రాజ్యంల నీ మాటే నడవదు. జర సిగ్గు పడు," అనేది అవ్వ.

"గదే గణరాజ్యం," అనేవాడు తాత, మీసం దువ్వుకుంటూ.

ఇంతలో ఊళ్లో అంగన్‌వాడీ ఆయా కొలువు పడింది. నర్సింగమ్మ పదో తరగతి పాసైంది, ఆ ఇంట్లో అంత చదువు ఎవరికీ లేదు. అయితే మామ ముందు కోడలు నోరు విప్పరాదన్నది వాళ్ల పాత పద్ధతి. ఏం కావాలన్నా తలుపు వెనక నుంచి శైలజతో చెప్పించాలి, శైలజ సగం మార్చి చెబుతుంది. మొగుణ్ణి అడిగితే, "ఏం అవసరం లేదు" అని బీరన్న పొద్దున్నే కొట్టిపారేశాడు. దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు. నర్సింగమ్మ కళ్లు తుడుచుకుంటూ, ఉల్లిగడ్డలు కోస్తున్నానంది. ఆ రోజు కూరలో ఉల్లిగడ్డ లేదు.

తాత గొంగడి పరిచాడు.

"కోడలు కొలువుకు పోతే నా జొన్న గటక ఎవరు కెలుకుతరు? తాత ముత్తాతల కాడికెళ్లి లేదు. వద్దంటే వద్దు," అని ఉరిమాడు.

బీరన్నకు తిక్క లేచింది. "ఎందుకు వద్దే నాయినా? పదో తరగతి సదివింది గటక కెలుకుతందుకా? పోతది."

"పోదు."

"నేను పంపుత. ఏం జేస్తవ్?"

పుల్లలు పడ్డాయి. శైలజ కుండ బోర్లించింది. ఐదు పుల్లలూ తెల్లగా మెరుస్తున్నాయి, ఒక్కదానికీ బెరడు లేదు.

బీరన్న పుల్లల వైపూ తండ్రి వైపూ చూశాడు. "నాయినా, నీ పుల్లేది?"

"కండ్లు ఆనక గలత్ పుల్ల ఏసిన," అని తాత లేచి, దొడ్లో అజాతశత్రువుకు ఆకు వేయడానికి పోయాడు.

శైలజ వెంటపడింది. "తాతా, నువ్వు ఎప్పుడు గలత్ పుల్లే ఏస్తవ్ గదా?"

"నేను పోనియ్ అంటే మీ బాపు పోనిస్తుండెనా?"

"మరి సభ ఎందుకు?"

"మీ అమ్మ నా ముంగట మాట్లాడదాయె. పుల్లకేం సిగ్గు?" అని, పొట్టేలు చెవి పట్టుకున్నాడు. "నువ్వు మగధకు చెప్పకు."

"మగధకు ఎప్పుడో ఎరుకే," అంది గోడ అవతల నుంచి అవ్వ.

కొలువు వచ్చింది. మొదటి రోజు నర్సింగమ్మ కొత్త చీర కట్టుకుని, తలుపు వెనక ఆగకుండా, నేరుగా మామ ముందుకొచ్చి నిలబడింది. గొంతు సవరించుకుంది.

"మామా, ఇయ్యాల్టి సంది గటక నువ్వే కెలుకుకోవాలె."

తాత మొహం వెలిగిపోయింది. వెంటనే గొంగడి కోసం చెయ్యి చాపాడు. "గంత పెద్ద ముచ్చటకు సభ పెట్టాలె బిడ్డా."

"సభ లేదు గిభ లేదు," అని మగధ ఆ చాపిన చేతిలో తెడ్డు పెట్టింది.