ప్రేమ విందులో కుర్చీలు

మా బొగ్గుబాయి కాలనీ చర్చిలో క్రిస్మస్ ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉంటుంది. అందరూ కలిసి ఒకే అన్నం తినాలి, అదీ దాని అర్థం. నా చిన్నప్పుడు గుమాస్తా అయినా బాయి దిగే కార్మికుడైనా షామియానా కింద చాప మీద కూర్చోవాల్సిందే. ఒక ఏడు, రిటైరైన పెద్దమనిషికి మోకాళ్లు వంగడం లేదని కుర్చీ వేశారు. మంచిదే కదా! మరుసటి ఏడు ఆయనకు మాట్లాడే తోడు కావాలని ఇంకో కుర్చీ పడింది. ఆపై నైట్ షిఫ్టు దిగి వచ్చినవాళ్లు అలసిపోయారని ఒక వరుస. తెలంగాణ వచ్చే నాటికి పర్మినెంటు ఉద్యోగుల కుటుంబాలన్నీ కుర్చీల్లో, కాంట్రాక్టు వాళ్లంతా చాపల మీద. రూలు ఎవరూ పెట్టలేదు. ప్రతి కుర్చీకీ ఒక మంచి కారణం ఉంది, అంతే.

మా అమ్మ కాంట్రాక్టరు కింద కాలనీ రోడ్లు ఊడ్చేది. వంగి వంగి ఆమె మోకాళ్లూ పోయాయి. ఒక క్రిస్మస్‌కు కొత్త చీర కట్టుకుని వచ్చి కూడా, ఆరాధన కాగానే వెనక్కి తిరిగింది.

"నేను ఇంటికి పోత బిడ్డా. కింద కూసుంటె మల్ల లేవస్తలేదు. పోయినేడు నలుగురు పట్టి లేపిండ్రు, సిగ్గయింది."

నాకు ఒళ్లు మండింది. పండుగ పూట మా అమ్మ ఇంట్లో ఒక్కతే తినాలా? చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ముందు వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టాను.

సంఘ పెద్ద ఉరికి వచ్చాడు. "అవి పర్మినెంటు డ్యూటీలోళ్లయి బిడ్డా."

"మా అమ్మ చేసేది డ్యూటీ గాదా కాకా? పొద్దుగాల మీ వాకిలి ముంగట ఊడ్చేది ఎవరు?"

"అది గాదు. ఎప్పటి సంది గిట్లనే నడుస్తున్నది."

"ఎప్పటి సంది? నేను చాప మీద మీ పక్కన కూసొని తిన్నదాన్నే గదా!"

ఆయన చెడ్డవాడేం కాదు. అమ్మ మోకాళ్లు చూసి జాలిపడ్డాడు. ఎక్కడి నుంచో ఒక కుర్చీ తెచ్చి, చాపలకు అవతల గోడ పక్కన విడిగా వేశాడు. "నీ కోసమే స్పెషల్‌గ ఏసిన అక్కా, రా" అన్నాడు.

అమ్మ లేచి వెళ్తుందేమో అనుకున్నాను. వెళ్తే ఇక ఎన్నేళ్లయినా ఆమె చోటు అదే.

అమ్మ కదల్లేదు. ముందున్న బల్ల మీది విస్తరి దగ్గరికి జరుపుకుంది.

"గా కుర్చీ గూడ ఇటే పట్కరా అన్నా" అంది. "నాతోని ఊడ్చే అక్క చాప మీద కూసున్నది. ఆమెవి గూడ మోకాళ్లే."