మంచులో మరిగిన నీళ్లు

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. బాబాయి జీపు ఆగగానే బానెట్ మీద అరచెయ్యి ఆన్చి, ఆ వేడి తగ్గిపోయేదాకా నిలబడటం నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. బండి అరలో ఉండే ఇంజన్ పుస్తకాన్ని కూడా బొమ్మలతో సహా ఎన్నోసార్లు చదివాను. డీజిల్ మండే చోటు చుట్టూ ఇనుములో దారులుంటాయి. వాటిలో నీళ్లు తిరిగి, వేడిని మోసుకుని ముందున్న రేడియేటర్‌కి వస్తాయి. అక్కడ సన్నని గొట్టాల్లో గాలికి చల్లబడి మళ్లీ నిప్పు దగ్గరికే వెళ్తాయి. మన కాళ్లకు కాస్త ముందే ఇంత జరుగుతుంటే ఎవరూ ఆశ్చర్యపోరేమా అనుకునేదాన్ని.

మొన్న చలికాలం ఒక పొద్దున అక్కకి నొప్పులు మొదలయ్యాయి. మా ఊరు పెదబయలు దాటి లోపలికి. ఆసుపత్రికి వెళ్లాలంటే కొండ ఎక్కి దిగాలి, బాబాయి జీపే దిక్కు. వెనక సీటులో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని అక్క, ముందు నేను. రోడ్డంతా మంచు.

సగం ఎక్కేసరికి ఇంజన్ వేడి చూపించే సూది ఎర్రగీత దాటింది. బానెట్ కిందనుంచి ఆవిరి తన్నుకొచ్చింది.

"సలికి మనుసులు బిగుసుకుపోతంటే దీనికి ఉడుకేటి?" అని తిడుతూ బాబాయి బండి ఆపాడు.

"బేగి కానీవయ్యా, పిల్ల తట్టుకోలేకపోతంది" అంది అమ్మ.

మా ఘాటీలో గెడ్డ పారే మలుపుల దగ్గర డ్రైవర్లు నీళ్లడబ్బా నింపి ఉంచుతారు. బాబాయి అది తెచ్చి, కండువా చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత పట్టుకున్నాడు.

"బాబాయ్, తియ్యొద్దు!"

నా అరుపు అవతలి కొండకు తగిలి తిరిగొచ్చింది. మూత బిగించి ఉన్నంతసేపే ఒత్తిడికి ఆ నీళ్లు అణిగి ఉంటాయి. తీస్తే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ఆయనకు తెలియక కాదు, కంగారు.

"ఓలమ్మా, దీనికి నోరుందే!" అన్నాడు బాబాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

చల్లారేదాకా ఆగాలి. అక్క మూలుగుతోంది. ఊరికే నిలబడలేక వంగి జాలీలోంచి చూశాను. రేడియేటర్ సన్నని రేకుల మధ్య వెలుతురు కనబడాల్సిన చోట గోధుమరంగు గోనెలాంటిది పరుచుకుని ఉంది. చోడిపొట్టు! మావాళ్లు కోసిన చోడివెన్నులు, అంటే రాగివెన్నులు, తారురోడ్డు మీద పరుస్తారు, వచ్చీపోయే బళ్లు వాటిని నూరుస్తాయి. వారం కింద బళ్లు సరిగా రాక, బాబాయే మా చోళ్ల మీద పూటంతా జీపు తిప్పాడు. లేచిన పొట్టునంతా ఫ్యాన్ పీల్చుకుంది. లోపల నీళ్లున్నాయి, వాటికి గాలే తగలడం లేదు. ఊళ్లో తిరిగినప్పుడు తెలియలేదు కానీ, ఫస్టు గేరులో ఎత్తు ఎక్కేసరికి బయటపడింది.

"మన సోళ్లే బాబాయ్."

ఆయన వంగి చూశాడు. "వొదినా, మీ సోళ్లు నా బండిలో అంబలి కాసేసినాయి!"

అక్క అంత నొప్పిలోనూ నవ్వింది, వెంటనే అరిచింది.

దారిపక్క కొండచీపురు గడ్డి విరిచి, బాబాయీ నేనూ రేకుల్ని పైనుంచి కిందికి ఊడ్చాం. పొట్టు గుప్పెళ్లకొద్దీ రాలింది. రేడియేటర్ గొట్టం చెయ్యి ఓర్చుకునేంత చల్లబడ్డాక బాబాయి మూత మెల్లగా తిప్పి, ఇంజన్ ఆడిస్తూ నీళ్లు కొద్దికొద్దిగా పోశాడు. ఖాళీ డబ్బా మళ్లీ గెడ్డలో ముంచి రాతి మీద పెట్టాకే బండెక్కాడు.

మలుపులన్నిట్లో నా కళ్లు సూది మీదే. అది లేచింది. మధ్యకు వచ్చి నిలబడిపోయింది. ఇందాకటిదాకా గెడ్డలో పారిన నీళ్లు ఇప్పుడు నిప్పు చుట్టూ తిరుగుతున్నాయి. లోయలోని చలి రేకుల్లోంచి దూరి వాటిని కాపాడుతోంది. నా వెనక సీటులో ఇంకో నీళ్లలో ఇంకో ప్రాణం.

ఆసుపత్రికి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. పసిగుడ్డును నా చేతుల్లో పెట్టి, కళ్లు మూతలు పడుతుండగా అక్క అంది:

"నువ్వు అరిసినావు సూడు, అప్పుడు లోపల ఇది ఉలిక్కిపడి తన్నిందే. ఇంకా పుట్టకుండానే నీ గొంతు ఇనేసినాది."