మేక ఫొటోలో మా బాపమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో గోడ మీదికి ఫొటోగా ఎక్కాలంటే ముందు చచ్చిపోవాలి. చొప్పదండిలో మాది పెంకుటిల్లు. ముందరి అర్రలో మా తాతయ్య, ఆయన అన్నదమ్ములు వరుసగా దండలు వేసుకుని, ఎవరో బెదిరించి నిలబెట్టినట్టు కళ్ళు పెద్దవి చేసుకుని ఉండేవాళ్ళు. బతికున్నవాళ్ళ ఫొటో ఒక్కటీ లేదు. ఉండాల్సినవాడు ఒకాయన, మా బాపమ్మ వాళ్ళ అన్న. కొండగట్టుకు పోయినప్పుడు ముచ్చటపడి ఫొటో దిగాడట. ఆ ఫొటో స్టూడియోలో కడిగించి ఇంటికి తెచ్చేలోపు మనిషి పోయాడు. అప్పటి నుంచి మా బాపమ్మకు, అంటే మా నాన్నను కన్న తల్లికి, కెమెరా అంటే యముడి కన్నే. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేవాడు కనిపిస్తే చాలు, ముఖం మీదికి కొంగు లాక్కుని వంటల వైపు వెళ్ళిపోయేది.

అప్పుడు మా బాపు దుబాయిలో మేస్త్రీ పని చేసేవాడు. ఇళ్ళలో ఫోన్లు లేని కాలం. ఊరికి ఎవరైనా సెలవు మీద వస్తే వాళ్ళ చేతికి మాటలు నింపిన క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. మేమంతా టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. తిరిగి పంపే క్యాసెట్‌లో మా అవ్వ, అంటే మా అమ్మ, నాలుగు మాటలు, నేను రెండు మాటలు చెప్పేవాళ్ళం. మిగతాదంతా బాపమ్మదే. ఎండలో తిరుగుతున్నావని ఒక తిట్టు, సరిగా తింటలేవని ఒక తిట్టు, అక్కడ ఎవరితోనూ లొల్లి పెట్టుకోవద్దని ఇక్కడి నుంచే పెద్ద లొల్లి.

ఒకసారి వచ్చిన క్యాసెట్‌లో బాపు గొంతు నెమ్మదిగా ఉంది. "అవ్వా, కండ్లు మూసుకుంటే నీ గొంతు ఇనవడుతున్నది గని మొఖం యాదికొస్తలేదే. ఒక్క ఫొటో పంపుండ్రి" అన్నాడు. మా అవ్వ టేప్ ఆపేసింది. బాపమ్మ లేచి వెళ్ళి, అప్పటికే తోమి బోర్లించిన గిన్నెలన్నీ మళ్ళీ తోమింది. పొద్దుగూకాక మా అవ్వతో, "వాడు వచ్చేదాంక నేను బతకాలె గద? ఫొటో దిగితే ఎట్ల బతుకుత?" అంది. నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు. కొడుకును చూడటానికే ఆమె బతకాలనుకుంటోంది, అందుకే కొడుకుకు ముఖం చూపించనంటోంది.

అవ్వ హుజూరాబాద్‌లో ఉండే తన తమ్ముడికి కబురు పెట్టింది. ఈ మామ అక్కడ ఒక ఫొటో స్టూడియోలో పని చేసి, తరిమించుకున్నాడు. ఒక పెళ్ళివాళ్ళు ఆల్బమ్ తెరిచి చూస్తే, తలంబ్రాలు ఉండాల్సిన చోట పందిరి వెనక చెప్పులు వెతుక్కుంటున్న పిల్ల తండ్రి ఉన్నాడట. మామకు నిలబడి ఫొటో దిగేవాళ్ళ కన్నా బజారులో తమ పనిలో తాము ఉన్నవాళ్ళంటేనే ఇష్టం. తన దగ్గర ఒక సంచి నిండా అవే బొమ్మలు. మంగలి అద్దంలో ముఖం చూసుకుంటున్న బర్రె. వానలో తాను తడుస్తూ చంకలోని కోడిపుంజుకు గొడుగు పట్టిన ముసలాయన. బస్సు కిటికీలోంచి నడుము దాకా బయటికి వచ్చి పల్లీలు బేరమాడుతున్న మనిషి. మామ నోట మాట రావడమే కష్టం. ఇప్పుడు తలుచుకుంటే, ఆయన మాట్లాడాల్సినదంతా ఆ బొమ్మల్లోనే మాట్లాడేవాడనిపిస్తుంది. ఆయనకు దేన్ని చూస్తే నవ్వొస్తుందో, ఎవరి మీద జాలి పుడుతుందో ఆ సంచి తెరిస్తే తెలిసిపోయేది.

మామ వచ్చి మెడలో కెమెరా వేసుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. గల్లీకి గల్లీ తయారైపోయింది. ఎదురింటి పెద్దాయన పెళ్ళినాటి కోటు తీసి మిట్టమధ్యాహ్నం తొడుక్కున్నాడు. నేను పౌడరు డబ్బా సగం ఖాళీ చేశాను. మామ అందరినీ వదిలేసి కుక్కను, బోరింగును, పోయే ఎడ్లబండిని టకటకా ఫొటోలు తీస్తున్నాడు. ఉండబట్టలేక దగ్గరికి పోయి అడిగితే చెవిలో చెప్పాడు, "అండ్ల రీలే లేదు బిడ్డా. జర గల్లీని నన్ను మర్సిపోనీ." పోయిన పౌడరు తలుచుకుని నాకు ఏడుపొచ్చింది.

ఆయన అన్నట్టే అయింది. కొన్ని రోజులకు కోటు పెట్టెలోకి పోయింది. కుక్కలు మామ కాళ్ళ దగ్గరే పడుకోవడం మొదలుపెట్టాయి. బాపమ్మ మొదట్లో వాకిట్లోకి వస్తే కళ్ళు కూడా కనబడకుండా కొంగు కప్పుకునేది. తర్వాత సగం ముఖానికే కప్పుకుంది. ఆ తర్వాత అదీ మర్చిపోయింది. అప్పుడు మామ చప్పుడు కాకుండా రీలు వేశాడు.

ఎదురింటి వాళ్ళకు ఒక నల్ల మేకపోతు ఉండేది. దానికి మా బాపమ్మ ఎండబోసే పెసర్ల మీదే కన్ను. ఆ రోజు అది మూతి నిండా పెసర్లు నింపుకుని పారిపోతుంటే, బాపమ్మ కట్టె పట్టుకుని ఇంట్లోంచి ఉరికి వచ్చింది. కొంగు నడుముకు చెక్కి ఉంది, కొప్పు ఊడి ఉంది, చెయ్యి ఆకాశంలో ఉంది. నోట్లోంచి మేకకూ, మేకను పెంచినవాళ్ళకూ, వాళ్ళ ఏడు తరాలకూ దీవెనలు కురుస్తున్నాయి. టక్ మంది.

బాపమ్మ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

"పిలగా, నా ఫొటో తీసినవా?"

"నీది గాదత్తమ్మా. నేను మేక ఫొటో తీసిన. నువ్వే ఉరికొచ్చి అండ్ల పడ్డవు" అన్నాడు మామ. అంత పొడుగు మాట ఆయన నోట నేను అదే మొదటిసారి వినడం.

బాపమ్మ కట్టె దించింది. "మరి దండ ఎవలకు పడ్తది?"

"ఫొటో ఎవలదైతే వాళ్ళకే."

అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. రీలుతో సహా కెమెరా లాక్కుని తన సందుకలో పెట్టి తాళం వేసి, తాళపుచెవి బొడ్లో దోపుకుంది. మా అవ్వ బతిమాలింది, నేను ఏడ్చాను. బాపు ఎదురు చూస్తుంటాడన్నా వినలేదు. ఇక రోజూ పొద్దున లేవగానే గడప దగ్గర నిలబడి ముందు మేకను చూసేది. అది హాయిగా నెమరు వేస్తూ కనిపిస్తే ఈమె ముఖం చిన్నబోయేది. ఒకరోజు మేక తుమ్మితే మాత్రం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

దసరా వచ్చింది. ఎదురింటి వాళ్ళు మేకను కోశారు. మధ్యాహ్నానికి మా ఇంటికి గిన్నెడు కూర వచ్చింది. బాపమ్మ ఆ గిన్నె వైపు చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేరుగా పోయి సందుక తెరిచి, కెమెరాను కొంగుతో తుడిచి మామ చేతిలో పెట్టింది. "ఇగ ఫికర్ లేదు. దానికి పోయింది. జల్ది కడిగిచ్చి కొడుక్కు పంపు" అంది. కూర మాత్రం ముట్టలేదు. తన బదులు పోయినదాన్ని తాను ఎలా తింటుంది? ఆమె వాటా కూడా నేనే తిన్నాను.

ఫొటో దుబాయికి పోయింది. బదులుగా వచ్చిన క్యాసెట్ పెట్టగానే ఎవరో ఊపిరాడక కొట్టుకుంటున్న చప్పుడు వినిపించి నాకు భయం వేసింది. తీరా వింటే బాపు నవ్వు. నవ్వీ నవ్వీ ఏడుస్తున్నాడు. "అవ్వా, గొంతుకు మొఖం దొరికిందే. మా రూముల అందరు చూసిండ్రు. చూసినోడల్లా గిది మా అవ్వే అంటున్నడు" అన్నాడు. బాపమ్మ ఆ మాట ఎన్నిసార్లు వేయించుకుందో. చివరికి కళ్ళు తుడుచుకుని, "నోరు మరీ గంత పెద్దగ తెరిచిననా?" అని మాత్రం అడిగింది.

పెద్దయ్యాక మామను అడిగాను, ఆ మేకకే ఎందుకు గురి పెట్టావని. "దాన్ని దసరాకు పెంచుతున్నరని గల్లీ అందరికి ఎరుకే గద" అన్నాడు. మరి బాపమ్మకు తెలియదా అన్నాను. ఆయన నవ్వాడు. "మీ బాపమ్మకు ఎరుక లేనిది ఏమున్నది బిడ్డా?" ఆ మాటతో నాకు అర్థమైంది. కొడుకుకు కనిపించాలని ఆమెకూ ఉంది. భయం దారి ఇవ్వలేదు. మామ ఆ భయాన్ని ఎగతాళి చేయకుండా, దానికి ఒక మేకను అప్పజెప్పాడు.

బాపు వచ్చేశాక కూడా బాపమ్మ చాలా ఏళ్ళు బతికింది, ఎన్నో మేకలను తరిమింది. పోయాక చూస్తే ఆమెకున్నది ఆ ఒక్క ఫొటోనే. పెద్దది చేసే స్టూడియో అబ్బాయి మేకను తీసేసి, నోరు మూయించి, పట్టుచీర కట్టిస్తానన్నాడు. బాపు ఒప్పుకోలేదు. ఇప్పుడు మా గోడ మీద అందరూ బిగుసుకుని నిలబడి ఉంటే, చివర్న ఒక ముసలావిడ కట్టె పట్టుకుని ఉరుకుతూ ఉంటుంది. దండ కొంచెం పొడుగ్గా తెస్తాం, మేకకు కూడా సరిపోవాలి కదా.

ఇప్పుడు నేనూ బాపమ్మనే. నా మనవరాలు ఎప్పుడు చూసినా ఫోన్ ఎత్తి నవ్వమంటుంది. నవ్వితే నేను కూడా గోడ మీదివాళ్ళలాగే వస్తున్నాను. నన్ను నవ్వమనకు, నేను మర్చిపోయినప్పుడు తియ్యి అని చెప్పి, మామ సంగతంతా చెప్పాను. పోయిన వారం ఎదురింటి పిల్లగాడు నేను వేసిన ముగ్గు మీద స్కూటర్ నిలిపాడు. చీపురు ఎత్తి వాడికి నాలుగు అంటించి వెనక్కి తిరిగితే, గడపలో మనవరాలు ఫోన్ పట్టుకుని ఉంది.

"నా ఫొటో తీసినవా?" అన్నాను.

"నీది కాదు బాపమ్మా, స్కూటర్‌ది. నువ్వే ఉరికొచ్చి అండ్ల పడ్డవు."

ఫోన్‌లో నన్ను నేను చూసుకున్నాను. చీపురు, ఊడిన కొప్పు, అంత నోరు, అచ్చం ఆమే. ఆ రోజు నుంచి పొద్దున లేవగానే గడప దగ్గర నిలబడి, ఆ స్కూటర్ ఎలా ఉందో ఒకసారి చూసుకుంటున్నాను.